మీ 0-5-0 ఇంజిన్‌ని డ్యూటీ దింపడం ఎలా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మోడల్ రైలు, హెచ్‌ఓ స్కేల్ (అసలు దాంట్లో 87వ వంతు), 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పున్న బల్ల. చుట్టూ తిరిగే ఒక లైను, ఆరు పాయింట్లు (లైను రెండుగా చీలే చోట్లు), ఒక సొరంగం, డీసీసీ కంట్రోలర్ (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజిన్‌కి విడిగా ఆదేశాలు పంపేది). నడిచే బండ్లు రెండు: నాలుగు చక్రాల చిన్న షంటింగ్ ఇంజిన్ ఒకటి, పెద్ద డీజిల్ ఒకటి. బండి కదిలించిన ప్రతిసారీ చుట్టూ చేరిన మిత్రులు ఐదు మాటలంటున్నారు. "నీ 0-5-0 ఇంజిన్ డ్యూటీ దిగదా?" "ఇది గూడ్సు బండా, తారాజువ్వా?" "పెట్టెలు తూలుతున్నాయేం, తాగించావా?" "సొరంగంలోకి పోయిందిగా, ఇక ఆశ వదులుకో." ఆఖరిది "ఈ మోడల్‌కి ఆ పక్కన చేతికమ్మీ ఉండదు." వీటికి దీటైన జవాబులు కావాలన్నారు.

జవాబుల సంగతి తర్వాత చూద్దాం. వాళ్ళు పైసా తీసుకోకుండా మీ లైను తనిఖీ చేసి పెడుతున్నారు. ఐదోది పక్కన పెడితే, మిగతా నాలుగు వెక్కిరింపుల్లోనూ రోగం పేరు చక్కగా ఉంది. మందు పడితే నోళ్ళు వాటంతటవే మూతపడతాయి, కొత్త వెక్కిరింపు దొరికేదాకా.

మొదటిదే అసలు జబ్బు కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం: ఆవిరి ఇంజిన్లకి చక్రాల లెక్కతో పేరు పెట్టే వైట్ పద్ధతి ఒకటుంది. ముందు చిన్న చక్రాలెన్ని, నడిపే చక్రాలెన్ని, వెనక చిన్న చక్రాలెన్ని అని మూడంకెలు. 0-6-0 అంటే ఆరూ నడిపే చక్రాలే. 0-5-0 అంటే ఐదు వేళ్ళు, అంటే ఆగిపోయిన ఇంజిన్‌ని వెనక నుంచి నెట్టే మీ చెయ్యి. ప్రపంచంలో అన్ని లేఅవుట్లలోనూ తిరిగే ఇంజిన్ ఇదొక్కటే.

ముందు ఇంజిన్ ఎక్కడ ఆగుతోందో, ఆగినప్పుడు ఏం జరుగుతోందో చూడాలి. హెడ్‌లైట్ వెలిగించి, కదలగలిగినంత తక్కువ వేగంలో లైను మొత్తం పదిసార్లు ఇటు, పదిసార్లు అటు తిప్పండి. ఆగినచోటల్లా పట్టా పక్కన చిన్న కాగితం ముక్క పెట్టండి. కాగితాలన్నీ రెండు మూడు చోట్లే గుట్టపడితే లోపం పట్టాలో ఉంది. బల్లంతా చెల్లాచెదురుగా పడితే చక్రాలో, మురికో. ఇక లైటు చెప్పే సంగతి చూడండి. ఇంజిన్ ఆగినా లైటు వెలుగుతూనే ఉంటే కరెంటు అందుతున్నట్టే, కాబట్టి మోటారునో గేర్లనో అనుమానించాలి. లైటు కూడా ఆరితే ఆ ఇంజిన్‌కి కరెంటు అందడం లేదు. దాంతోపాటు బల్ల మీద ఉన్న మిగతా బండ్ల లైట్లు కూడా ఆరిపోయాయా, అది షార్ట్ సర్క్యూట్. ఇక్కడే చాలామంది పొరబడతారు. షార్ట్‌ని మురికి అనుకుని వారం రోజులు పట్టాలు తోముతూ కూచుంటారు.

పాయింటు మధ్యలో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కు లాంటి చోటుని ఫ్రాగ్ అంటాం. రెడీమేడ్ పాయింట్లలో అది రెండు రకాలు: ప్లాస్టిక్‌తో చేసినది, లోహంతో చేసినది. ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద చక్రానికి కరెంటు లేదు. మీ చిన్న ఇంజిన్‌కి ఒక్కో పట్టా మీద ఉండేవి రెండే చక్రాలు. అసలు ఇంజిన్‌లో ఇరుసుల మధ్య 2.5 మీటర్ల దూరం ఉంటే హెచ్‌ఓలో అది 29 మి.మీ. ఫ్రాగ్‌లో కరెంటు లేని భాగం అంతకంటే పొడుగైతే ఇంజిన్ ఆగి తీరుతుంది, ఎంత తోమినా లాభం లేదు. పొట్టిదే అయినా, ఒక చక్రం ప్లాస్టిక్ మీదున్న ఆ క్షణంలో ఆ పట్టా భారమంతా మిగిలిన ఒక్క చక్రానిదే. దాని కింద దుమ్ము రేణువున్నా, పాయింటు కాస్త వంకరగా ఉండి ఆ చక్రం వెంట్రుకవాసి లేచినా పని అయిపోయింది. పెద్ద డీజిల్ ఎనిమిది, పన్నెండు చక్రాలతో దర్జాగా దాటిపోయేది అందుకే. మీవాళ్ళు "పెద్దది పోతోంది, చిన్నది పోదేం?" అంటే చెప్పాల్సిన జవాబు ఇదే.

కాబట్టి చిన్న ఇంజిన్లతో షంటింగ్ చేయాలనుకుంటే లోహపు ఫ్రాగ్ ఉన్న పాయింట్లు వేసి, ఫ్రాగ్‌కి విడిగా కరెంటు ఇవ్వండి. పాయింటులో కదిలే బ్లేడ్ ఏ వైపు పట్టాకి ఆనుకుంటే ఫ్రాగ్‌కి ఆ వైపు పట్టా కరెంటే అందాలి. పాయింటు మోటారులోనే ఛేంజోవర్ స్విచ్ ఉంటే మధ్య కాలుని ఫ్రాగ్‌కి, పక్క రెండు కాళ్ళని రెండు పట్టాలకి కలపండి. లేకపోతే పాయింటుని కదిలించే కడ్డీకి తగిలేలా ఒక మైక్రోస్విచ్ బిగించండి. చక్రం ఫ్రాగ్ మీదికి ఎక్కగానే ఠక్కున అంతా ఆగిపోతే పక్క రెండు తీగలు అటూఇటూ అయ్యాయని అర్థం. మార్చేస్తే సరి. ఫ్రాగ్ దాటాక వచ్చే రెండు లోపలి పట్టాలకీ ఇన్సులేటెడ్ జాయినర్లు (కరెంటుని దాటనివ్వని అతుకులు) వేయడం మరిచిపోకండి. అవి లేకపోతే స్విచ్ ఎంత బాగా పెట్టినా షార్ట్ తప్పదు.

పాయింటు బ్లేడ్ల విషయంలో మరో మోసం ఉంది. చాలా పాయింట్లలో బ్లేడ్‌కి కరెంటు అందేది అది పక్క పట్టాని తాకినప్పుడు మాత్రమే. ఆ తాకే చోట రంగో, ఆవాల గింజలో సగమున్న కంకర రేణువో, ఎండిన జిగురో చేరితే బ్లేడ్ దగ్గరికొచ్చినట్టే కనిపిస్తుంది, తాకదు. బ్లేడ్లకీ ఫ్రాగ్‌కీ మధ్య గ్యాప్ ఉన్న పాయింట్లయితే, ప్రతి బ్లేడ్‌నీ దాని పక్క పట్టాకి సన్నటి తీగతో కింద శాశ్వతంగా కలిపేయండి. గ్యాప్ లేనివాటికి మాత్రం ఈ పని చేయకండి. చేస్తే అది పాయింటు కాదు, హీటర్.

ఇప్పటికే ప్లాస్టిక్ ఫ్రాగ్‌లు వేసేశారా? అక్కడ వచ్చే షార్ట్‌కి చిన్న చిట్కా ఉంది. ఫ్రాగ్ కొస దగ్గర రెండు వేరువేరు కరెంటుల పట్టాలు మిల్లీమీటరు దూరంలో ఉంటాయి. వెడల్పైన చక్రం రెంటినీ ఒకేసారి తాకుతుంది. డీసీసీ బూస్టర్ (పట్టాలకి కరెంటు అందించే పరికరం) ఆ రెప్పపాటు షార్ట్‌ని కూడా పట్టుకుని మొత్తం బల్లకి కరెంటు ఆపేస్తుంది. ఆ కొస దగ్గర పట్టా పైభాగం మీద ఐదారు మిల్లీమీటర్ల మేర గోళ్ళరంగు పల్చగా పూసి ఆరనివ్వండి. షార్ట్ పోతే రోగం అదేనని ఖాయమైనట్టు. గోళ్ళరంగు కొన్ని నెలల్లో అరిగిపోతుంది, మళ్ళీ పూయాలి. ఏ రంగు పూశారన్నదాని మీద మీవాళ్ళు ఏమంటారో నేను హామీ ఇవ్వలేను.

పాయింట్ల మీద కాకుండా మామూలు లైనులో ఆగే చోట్లకి వద్దాం. పట్టాల్ని కలిపే జాయినర్ పని రెండు పట్టాల్ని ఒక వరసలో ఉంచడం. కరెంటు మోయడం దాని ఉద్యోగం కాదు, కొత్తలో మొహమాటానికి మోస్తుంది. ఏడాది తిరిగేసరికి లోపల చిలుము, కంకర జిగురు చేరి మానేస్తుంది. అందుకని ప్రతి పట్టా ముక్కకీ సొంత తీగ ఉండాలి. బల్ల కింద 1.5 చదరపు మి.మీ. రాగి తీగలు రెండు, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి, ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగండి. మీ బల్లకి అది చాలు, పెద్ద లేఅవుట్ అయితే 2.5 వాడాలి. దాని నుంచి 0.5 చదరపు మి.మీ. తీగలు పైకి తెచ్చి ఒక్కో పట్టాకి టంకం వేయండి. ఈ సన్న తీగలు 20 సెంటీమీటర్లు దాటకపోతే మంచిది.

టంకం దగ్గర స్లీపర్లు కరగడం అందరికీ జరిగేదే. కారణం వేడి ఎక్కువవడం అనుకుంటారు, తక్కువవడం. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో పది సెకన్లు పట్టుకుంటే వేడి పట్టా పొడుగునా పాకి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. 50, 60 వాట్లది, వెడల్పు కొసది తీసుకోండి. పట్టా బయటి వైపు చిన్న ఆకురాయితో మెరిసేదాకా గీకి, రోజిన్ ఫ్లక్స్ రాసి, తీగకీ పట్టాకీ ముందే విడివిడిగా టంకం పూసి, రెంటినీ కలిపి రెండు సెకన్లు. అంతే. యాసిడ్ ఫ్లక్స్ జోలికి పోవద్దు, ఆరు నెలల్లో ఆకుపచ్చగా తుప్పు పట్టిస్తుంది.

తీగలన్నీ కలిపాక నాణెం పరీక్ష చేయండి. కంట్రోలర్ నుంచి బాగా దూరంగా ఉన్నచోట రెండు పట్టాల మీదా అడ్డంగా ఒక నాణెం తాకించండి. బూస్టర్ వెంటనే కరెంటు ఆపేయాలి. ఆపకపోతే నాణెం తీసేయండి. షార్ట్ అయినా బూస్టర్‌కి తెలియనంత నిరోధం మీ తీగల్లోనో జాయినర్లలోనో ఉంది, బండి పట్టా తప్పిన రోజున అక్కడే చక్రాలు కాలతాయి. ప్రతి పట్టా ముక్క మీదా చేయాల్సిన పరీక్ష ఇది.

మురికి గురించి నాలుగు మాటలు. పట్టాలు నల్లబడటానికి దుమ్మొక్కటే కారణం కాదు. చక్రానికీ పట్టాకీ మధ్య ఎగిరే కంటికి కనిపించని నిప్పురవ్వల వల్ల లోహం ఆక్సైడ్‌గా మారి, నూనెతో కలిసి నల్లటి పిప్పి అవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దాన్ని బాగానే తుడుస్తుంది, కానీ త్వరగానే మళ్ళీ పేరుకుంటోందని చాలామంది ఇప్పుడు చివరి తుడుపుకి వైట్ స్పిరిట్ (రంగులు పల్చన చేసే ద్రవం) వాడుతున్నారు. రెండూ అంటుకునే ద్రవాలే. కరెంటు ఆపి, కిటికీ తీసి, గుడ్డకి అద్దుకుని తుడవాలి. గరుకు కాగితం మాత్రం వద్దే వద్దు. అది వేసే సన్న గీతలన్నీ తర్వాత మురికికి నాగలిచాళ్ళు. కొందరు చివర్లో 4బి లాంటి మెత్తని గ్రాఫైట్ కడ్డీని పట్టా లోపలి అంచున ఒక్కసారి పల్చగా గీస్తారు. పని చేస్తుంది. ఎక్కువైతే మాత్రం ఎత్తు మీద చక్రాలు జారిపోతాయి.

పట్టాలు తుడిచి చక్రాలు వదిలేస్తే స్నానం చేసి మాసిన బట్టలు కట్టుకున్నట్టే. టిష్యూ కాగితాన్ని ఆల్కహాల్‌లో ముంచి గట్టిగా పిండి పట్టా మీద పరవండి. చెమ్మ ఉండాలి, కారకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు. ఇంజిన్ సగం చక్రాలు కాగితం మీద, మిగతా సగం పట్టా మీద ఉండేలా పట్టుకుని కరెంటు ఇస్తే కాగితం మీది చక్రాలు తిరుగుతూ నల్లటి చారలు వదులుతాయి. తెల్లగా వచ్చేదాకా కాగితం జరపండి. తర్వాత రెండోవైపు. రబ్బరు పట్టీ ఉన్న చక్రాల నుంచి కరెంటు రాదన్నది గుర్తుంచుకోండి. నాలుగు చక్రాల ఇంజిన్‌లో ఒక దానికి పట్టీ ఉంటే మీకు మిగిలింది మూడే. వ్యాగన్లకి ప్లాస్టిక్ చక్రాలుంటే తీసి లోహపువి వేయండి. పిప్పిని బల్లంతా పూసేది చాలావరకు అవే.

ఇవన్నీ అయ్యాకే కీప్ అలైవ్, అంటే డీకోడర్‌కి (ఇంజిన్ లోపల డీసీసీ ఆదేశాలు అందుకునే చిప్‌కి) తగిలించే కెపాసిటర్. కరెంటు పోయిన కాసేపు అది మోటారుని నడిపిస్తుంది. మందుగా మంచిదే. లైను బాగుచేయకుండా ముందే అది తగిలిస్తే మాత్రం పైన చెప్పిన లైటు పరీక్ష అబద్ధాలు చెబుతుంది, రోగం దాక్కుంటుంది. కెపాసిటర్ 25 వోల్టులది ఉండాలి, పట్టా మీద 14, 15 వోల్టులు ఉంటాయి కాబట్టి. చార్జింగ్ దారిలో 100 ఓమ్‌ల రెసిస్టర్, దానికి సమాంతరంగా ఒక డయోడ్ తప్పనిసరి. రెసిస్టర్ లేకపోతే స్విచ్ వేసిన క్షణాన అది లాగే కరెంటుని బూస్టర్ షార్ట్ అనుకుని ముడుచుకుంటుంది.

ఇక తారాజువ్వ. ఇందులో మీవాళ్ళ మాట లెక్కతో తేలేదే. హెచ్‌ఓలో బండి ఒక మీటరు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టాలో తెలియాలంటే 313ని గంటకి కిలోమీటర్ల వేగంతో భాగించండి. గంటకి 50 కిలోమీటర్ల గూడ్సు మీటరుకి 6 సెకన్ల పైచిలుకు తీసుకోవాలి. 100 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌కైనా 3 సెకన్లు. యార్డులో 10 కిలోమీటర్ల వేగంతో షంటింగ్ అంటే మీటరుకి 31 సెకన్లు. గడియారం పెట్టి చూసేదాకా ఇది ఎంత నెమ్మదో ఎవరూ నమ్మరు. మీ గూడ్సు మీటరు దూరాన్ని ఒక్క సెకనులో దాటుతోందంటే అది 313 కిలోమీటర్ల వేగం. మీవాళ్ళు తారాజువ్వ అని మర్యాదగానే అన్నారు.

దీనికి డీకోడర్‌లో సీవీలు, అంటే అంకెలతో మార్చుకునే సెట్టింగులు, ఉన్నాయి. సీవీ 5 గరిష్ఠ వేగం: 255 నుంచి మొదలుపెట్టి మీటరు లెక్క సరిపోయేదాకా తగ్గించండి. సీవీ 6 మధ్య వేగం: సీవీ 5లో సగం కంటే కాస్త తక్కువ పెడితే కింది వేగాల్లో నాబ్ తిప్పడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. సీవీ 2 మొదటి మెట్టు మీద ఇంజిన్ ఊగకుండా కదిలేటంత. సీవీ 3 వేగం పుంజుకోడానికి పట్టే సమయం. దాని విలువని 0.9తో గుణిస్తే ఆగిన చోటు నుంచి పూర్తి వేగానికి పట్టే సెకన్లు సుమారుగా వస్తాయి. 10 పెడితే తొమ్మిది సెకన్లు. సీవీ 4 ఆగడానికి. దీన్ని మొదట్లో చిన్నదిగానే ఉంచండి, ఎక్కువ పెట్టి సైడింగ్ చివర బఫర్లు విరగ్గొట్టుకునేవాళ్ళే ఎక్కువ. అన్నట్టు, కొత్త డీకోడర్లన్నీ 3 అనే చిరునామాతో పుడతాయి. సీవీ 1 మార్చకుండా రెండో ఇంజిన్ పట్టాల మీద పెడితే, ఒకదాన్ని పిలిస్తే రెండూ పలుకుతాయి. దెయ్యం పట్టిందనే వెక్కిరింపుకి అవకాశమివ్వకండి.

తూలే పెట్టెల సంగతి. సగం తప్పు బరువుది. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం) సిఫార్సు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కి 28 గ్రాములు, దానిపైన ప్రతి అంగుళం పొడవుకీ 14 గ్రాములు ఉండాలి. ఆరంగుళాల వ్యాగన్ అంటే 112 గ్రాములు. వంటింటి త్రాసు చాలు తూచడానికి. అదనపు బరువు నేలకి దగ్గరగా, రెండు బోగీల (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, దాని కింద తిరిగే చక్రాల చట్రం) మీద సమంగా పడేలా అంటించండి. పైకప్పుకి అంటిస్తే తూలుడు పెరుగుతుంది. సీసం గుళ్ళని తెల్ల చెక్కజిగురుతో అంటించకండి. ఆ జిగురులోని ఆమ్లానికి సీసం నెమ్మదిగా తెల్లగా పొంగి, కొన్నేళ్ళకి పెట్టె గోడల్నే పగలగొడుతుంది. ఎపాక్సీ వాడండి. ఇంకో పని, ఒక బోగీ స్క్రూ స్వేచ్ఛగా తిరిగేటంత మాత్రమే బిగించి, రెండోది పక్కలకి కాస్త ఊగేటంత వదులు చేయండి. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు, ఇదీ అంతే. రెండూ గట్టిగా బిగిస్తే నాలుగు కాళ్ళ మంచం.

ఒక ఇరుసుకున్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4, 14.5 మి.మీ. ఉండాలి. కాలిపర్‌తో ఒకే చోట కాదు, ఇరుసు తిప్పుతూ మూడు చోట్ల కొలవండి. మూడూ వేరువేరైతే చక్రం వంకర కూర్చుంది. దూరం తగ్గితే ఆ చక్రం ఫ్రాగ్ దగ్గర చెక్‌రైలు (చక్రాన్ని దారి తప్పకుండా పట్టి ఉంచే అదనపు పట్టా) ఎక్కుతుంది. పట్టాల వెడల్పు కూడా చూడాలి. మేకు మరీ లోతుగా కొడితే స్లీపరు మధ్యలో కుంగి, పట్టాలు రెండూ లోపలికి వంగి, మధ్య దూరం ఉండాల్సిన 16.5 మి.మీ. కంటే తగ్గిపోతుంది. మేకు తల స్లీపరుని తాకీ తాకనట్టు ఉంటే చాలు.

మిగతా సగం తప్పు వంపుది, ఇది మీకు నచ్చకపోవచ్చు. బండిలో అన్నింటికంటే పొడుగైన పెట్టెకి మూడు రెట్లు వ్యాసార్ధం ఉంటే నమ్మకంగా నడుస్తుందని హాబీలో పాతుకుపోయిన లెక్క. చూడ్డానికి బాగుండాలంటే నాలుగు రెట్లు. 26.4 మీటర్ల అసలు పెట్టె హెచ్‌ఓలో 30 సెంటీమీటర్లు, అంటే 90 సెంటీమీటర్ల వ్యాసార్ధం కావాలి. మీ 1.2 మీటర్ల బల్ల మీద అంచులు వదిలితే పట్టేది 55. పొడుగు పెట్టెలు తిరుగుతాయి, కానీ నడుం లోపలికి, మూలలు బయటికి పొడుచుకొచ్చి బండి మొత్తం అరటిగెలలా కనిపిస్తుంది. ఈ బల్లకి 18 సెంటీమీటర్ల లోపు పెట్టెలు, వ్యాగన్లు ఎంచుకోండి. అవి బాగుంటాయి. ఎడమ వంపు వెంటనే కుడి వంపు వచ్చేచోట మధ్యలో కనీసం పొడుగు పెట్టెంత తిన్నటి పట్టా వేయండి. లేకపోతే కప్లింగ్‌లు పెట్టెల్ని పక్కకి గుంజి పడేస్తాయి.

సొరంగం దగ్గర జాలి పడాల్సిందే. బండి ఎప్పుడూ చెయ్యి అందని చోటే పడుతుంది, దానికి కారణం గ్రహబలం కాదు. తుడవని, కొలవని, కనపడని పట్టా అదొక్కటే. సొరంగంలో పాయింటు పెట్టకండి. లోపలి పట్టా అతుకులన్నీ టంకం వేసి కలపండి. అలా కలిపిన పొడుగు ముక్కల చివర మాత్రం అర మిల్లీమీటరు ఖాళీ వదలండి. నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల తేడాకి మీటరుకి 0.3 మి.మీ. పైగా సాగుతుంది, దారి ఇవ్వకపోతే వంగుతుంది. గోడలు కట్టేముందు మీ దగ్గరున్న పొడుగాటి పెట్టె నడుముకీ మూలకీ పెన్సిల్ కట్టి ఒకసారి లాగండి. అది గీసిన గీతకి ఒక సెంటీమీటరు అవతల గోడ. కొండని అంటించకుండా ఎత్తి పక్కన పెట్టేలా చేయండి. కుదరకపోతే వెనక 30 సెంటీమీటర్ల కంత. బల్ల అంచు నుంచి 60 సెంటీమీటర్లు దాటితే చాలామందికి చెయ్యి అందదు. లోపలి పట్టా పక్కన ఐదు సెంటీమీటర్ల అట్ట గోడ కట్టండి, బండి పట్టా తప్పినా నేల మీదికి దూకదు.

కొండ కట్టేముందు పెట్టెలన్నీ తగిలించి బండిని ఆ భాగంలో వెనక్కి యాభైసార్లు నడపండి. ముందుకి లాగినప్పుడు దాక్కునే లోపాలు వెనక్కి నెట్టినప్పుడు బయటపడతాయి.

చేతికమ్మీ గురించి. రివెట్లు లెక్కపెట్టే, అంటే ప్రతి చిన్న వివరాన్నీ పట్టిచూసే మిత్రుడికి ఎదురు చెప్పకండి, ఆయన మాటే నిజమై ఉంటుంది. కాకపోతే ఆయన 1:76 ఓఓ స్కేల్ వాడేవాడైతే మీ చేతిలో ఒక బాణం ఉంది. ఆ స్కేల్‌కి కూడా పట్టాల వెడల్పు మనదే, 16.5 మి.మీ. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. బ్రిటిష్ ఇంజిన్లు చిన్నవి, 1:87లో చేస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టలేదు. బాడీ పెంచారు, పట్టాలు అలాగే వదిలేశారు. ఆయన బండి అసలు లెక్కలో దాదాపు 18 సెంటీమీటర్లు ఇరుకైన లైను మీద తిరుగుతోందని నెమ్మదిగా గుర్తు చేయండి. ఆ తర్వాత ఒక గంట చేతికమ్మీ మాట రాదు.

అదీ చాలకపోతే జాన్ అలెన్ ఉన్నాడు. కాలిఫోర్నియాలో ఆయన కట్టిన గోరీ అండ్ డెఫీటెడ్ లేఅవుట్‌ని ఈ హాబీలో గొప్పవాటిలో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పేరే ఒక మాటల గారడీ: రాసేది Gorre & Daphetid అని, పలికితే ఇంగ్లీషులో "రక్తసిక్తం, ఓటమి" అని వినిపిస్తుంది. అంత నైపుణ్యం ఉన్న మనిషి షంటింగ్‌కి ఎమ్మా అనే స్టెగోసారస్‌ని పెట్టాడు. డైనోసార్ వ్యాగన్లు లాగుతుంటే రివెట్లు లెక్కపెట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

మీ ఆరు పాయింట్లలో మూడు ఒక మూలకి తేగలిగితే ఇంగిల్‌నుక్ పజిల్ వేయండి. ఒక సైడింగ్‌లో ఐదు వ్యాగన్లు పట్టాలి, మిగతా రెంటిలో మూడేసి, ఇంజిన్ లాగే ముక్కలో ఇంజిన్‌తో పాటు మూడు. ఎనిమిది వ్యాగన్లలో చీటీలు తీసి ఐదింటిని ఆ వరసలోనే నిలబెట్టాలి. 6,720 వరసలు సాధ్యం. దీనికి రెండు పాయింట్లే చాలు, మూడోది ప్రధాన లైనులోకి దారి. బండి చుట్టూ తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డ మనిషికి నోరు ఖాళీ. చేతిలో కంట్రోలర్, ఎదురుగా ఎనిమిది వ్యాగన్లు పెడితే వెక్కిరించడానికి తీరిక ఉండదు. పైగా ఆ వేగంలో, ఆ పాయింట్ల మీద, ఆ చిన్న ఇంజిన్‌తో తిరుగుతుంటే పైన చెప్పిన పనుల్లో ఏది మిగిలిపోయిందో పావుగంటలో తెలిసిపోతుంది.

ఏది ముందు అంటే: నాణెం పరీక్ష, తర్వాత ఫ్రాగ్‌లు, తర్వాత చక్రాలు. సీవీలు, బరువులు ఏ సాయంత్రమైనా చేసుకోవచ్చు. అన్నీ అయ్యాక కూడా ఏదో ఒక పాయింటు మీద చెయ్యి పెట్టక తప్పని రోజు వస్తే, ఆకుపచ్చ చేతితొడుగు ఒకటి దగ్గర ఉంచుకోండి. తొడుక్కుని నెట్టి, ఎమ్మా డ్యూటీకొచ్చిందని చెప్పండి.